బయటి నుండి వచ్చిన రిపోర్టు



మన ఇండ్లలో ఎవరికైనా జబ్బు చేస్తే మనమందరము ఎదురుచూచేది రిపోర్టు కొరకు. రక్తము ఇచ్చి వస్తాము. "రిపోర్టు వచ్చిందా?" అని ఒకరినొకరు అడుగుతూ ఉంటాము. సంఘములో ప్రార్థన మనవి చెప్పేటప్పుడు కూడా "రేపు రిపోర్టు వస్తుంది, మంచి రిపోర్టు రావాలని ప్రార్థించండి" అంటాము. ఇంతగా ఎదురుచూచే ఆ కాగితము ఎక్కడ తయారైనదో, ఎవరు చూచి వ్రాశారో మాత్రము మనలో చాలామంది పట్టించుకోరు. కాగితము పైన మనము చేరిన ఆసుపత్రి పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది గనుక పరీక్ష కూడా అక్కడే జరిగినదని అనుకుంటాము. చాలాసార్లు అది నిజము కాదు.

నేను ఒక మిషను ఆసుపత్రి లాబొరేటరీలో 31 సంవత్సరములు టెక్నీషియనుగా పనిచేశాను. ఆ అనుభవముతో చెబుతున్నాను. ఏ ఆసుపత్రి ల్యాబులోనూ అన్ని పరీక్షలూ చేయరు, చేయలేరు. హిమోగ్లోబిను, చక్కెర, మూత్రము, మలేరియా, కామెర్లు మొదలైనవి రోజూ వచ్చే పరీక్షలు గనుక ఉన్న చోటనే చేస్తారు. నెలకు ఇద్దరికో ముగ్గురికో అవసరమయ్యే పరీక్ష కొరకు లక్షల రూపాయల యంత్రము కొనడము ఎవరి వల్లా కాదు. ఒకవేళ కొన్నా, దానిలో వాడే రసాయనములు గడువు తీరిపోయి పారవేయవలసి వస్తుంది. పైగా ఎప్పుడో ఒకసారి చేసే పనిలో చేయి తిరగదు, తప్పులు ఎక్కువగా వస్తాయి. అందుచేత కొన్ని హార్మోను పరీక్షలు, జన్యు పరీక్షలు, క్షయ కల్చరు, క్యాన్సరు ముక్క మీద చేసే ప్రత్యేక పరీక్షలు ఇటువంటివి పెద్ద ల్యాబులకు పంపుతారు. అవి హైదరాబాదుకో, వేలూరుకో, ముంబైకో వెళ్తాయి.

ఇందులో దాచవలసినది ఏమీ లేదు. 2020 మొదటి నెలలలో కొవిడ్ అనుమానము ఉన్నవారి నమూనాలు నిర్ధారణ కొరకు పూణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళ్లేవి. "పూణె నుండి రిపోర్టు రావాలి" అనే మాట అప్పుడు పల్లెటూరి వారికి కూడా తెలిసినదే. 2018లో హైదరాబాదులో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కూడా ఈ పద్ధతి మీదనే ఏర్పాటైనది. బస్తీ దవాఖానాలోను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోను రక్తము తీస్తారు, పరీక్ష మాత్రము కేంద్ర ల్యాబులో జరుగుతుంది. పేదవాడు తన ఊరు వదలకుండా పెద్ద ల్యాబు సేవ పొందగలుగుతాడు. ఇది మంచి పనే.

అయితే బయటికి పంపడములో పంపినవారి బాధ్యత తీరిపోదు. ఊదా రంగు మూత ఉన్న ట్యూబులో రక్తము గడ్డకట్టదు, ఎర్ర మూత ఉన్న ట్యూబులో గడ్డకట్టి పైన సీరం తేలుతుంది. ఏ పరీక్షకు ఏది కావాలో తెలిసి తీయాలి. కొన్నిటిని 2 నుండి 8 డిగ్రీల చలిలో ఉంచి పంపాలి. శరీరము నుండి తీసిన ముక్కను క్యాన్సరు పరీక్షకైతే ఫార్మలిన్‌లో వేస్తారు. అదే ముక్కను కల్చరుకు పంపాలంటే ఫార్మలిన్ తగలనివ్వకూడదు, తగిలితే క్రిములు చచ్చిపోతాయి. రక్తము నుండి సీరం వేరు చేయకుండా ఆలస్యము చేస్తే ఎర్ర కణములలోని పొటాషియము బయటికి వచ్చి, రోగికి లేని ప్రమాదము ఉన్నట్లు కనబడుతుంది. కాబట్టి రిపోర్టులోని నిజము సగము పంపిన చోటనే నిర్ణయమవుతుంది. మిగిలిన సగము, రిపోర్టు తిరిగి వచ్చిన తరువాత దానిని ఎలా అందిస్తారన్న దాని మీద ఆధారపడుతుంది. నేను ఈ నెల చెప్పదలచినది ఈ రెండవ సగము గురించి.

మా ల్యాబులో ఈ పని కొరకు ఒక పెద్ద పుస్తకము ఉండేది. అట్ట మీద "బయటికి పంపినవి" అని వ్రాసి ఉండేది. రోగి పేరు, ఆసుపత్రి నంబరు, నమూనా తీసిన తేదీ, గంట, పంపిన చోటు, రిపోర్టు వచ్చిన తేదీ, వార్డుకు ఇచ్చిన తేదీ, తీసుకున్నవారి సంతకము, ఇలా వరుసగా గళ్లు ఉండేవి. ప్రతి శనివారము మధ్యాహ్నము మా పెద్ద సిస్టరు గారు ఆ పుస్తకము తెరచి, ఖాళీగా ఉన్న ప్రతి గడి మీద వేలు పెట్టి "ఇది ఏమైనది?" అని అడిగేవారు. సమాధానము చెప్పేవరకు ఆ వేలు తీసేవారు కాదు.

ఆమెకు ఇంకొక నియమము కూడా ఉండేది. బయటి నుండి వచ్చిన రిపోర్టును మా కాగితము మీద తిరిగి వ్రాయనిచ్చేవారు కాదు. వచ్చిన కాగితమునే రోగి ఫైలులో జిగురుతో అంటించి, ఒక నకలు ల్యాబులో దాచేవారము. అది వంకరగా ఉన్నా, అక్షరాలు మసకగా ఉన్నా అంతే. "మన కండ్లతో చూడని దానికి మన చేతి వ్రాత ఎందుకు?" అనేవారు. కొత్తగా వచ్చిన కొందరికి అది చాదస్తముగా తోచేది. ఆ మాట బరువు ఎంతో మా ఇంటిలోనే చూడవలసి వస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు?

2017లో మా వదినకు రొమ్ములో గడ్డ కనబడినది. అన్నయ్యవాళ్లు కోస్తాలోని ఒక పట్టణములో ఉంటారు. అక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషను జరిగినది. డాక్టరు గారు శ్రద్ధగా చేశారు, నర్సులు సొంత అక్కను చూచినట్లు చూచారు. ఆ సంగతి చెప్పకపోతే అన్యాయము. తీసిన గడ్డను పరీక్షకు పంపారు. సుమారు మూడు వారములకు అన్నయ్య నాకు ఫోను చేశారు.

"చెల్లీ, రిపోర్టు వచ్చింది. ఆ ఖరీదైన ఇంజెక్షన్లు అక్కరలేదట. దానికి సంబంధించినది నెగెటివ్ వచ్చిందట. దేవునికి స్తోత్రము. రాత్రి ఇంటిలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకున్నాము" అన్నారు. ఆయన గొంతులో చాలా రోజుల తరువాత కొంచెము తేలిక వినబడినది.

నేనూ స్తోత్రము చెప్పి, రిపోర్టు ఫొటో తీసి పంపమని అడిగాను. అనుమానము వల్ల కాదు, 31 సంవత్సరముల అలవాటు వల్ల. ఆ కాగితములో ఆసుపత్రి పేరు, వదిన పేరు, మూడు వరుసలు ఉన్నాయి. ఈఆర్ పాజిటివ్. పీఆర్ పాజిటివ్. హెర్-2 నెగెటివ్. క్రింద ఒక సంతకము. అంతే. పరీక్ష ఎక్కడ చేశారో లేదు. ముక్క అక్కడికి చేరిన తేదీ లేదు. బ్లాకు నంబరు లేదు. హెర్-2కు ఎదురుగా ఉండవలసిన అంకె లేదు.

ఆ అంకె ఏమిటో కొంచెము వివరిస్తాను. హెర్-2 అనేది కణముల మీద ఉండే ఒక మాంసకృత్తు. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో అది మితిమీరి ఉండి కణితిని త్వరగా పెంచుతుంది. దానికే గురిపెట్టి పనిచేసే ట్రాస్టుజుమాబ్ అనే మందుకు 1998లో అమెరికాలో ఆమోదము లభించినది. కాబట్టి హెర్-2 ఉన్నదా లేదా అన్నది చికిత్సను మార్చివేసే ప్రశ్న. ముక్కకు ప్రత్యేకమైన రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో చూచి 0, 1+, 2+, 3+ అని అంకె వేస్తారు. 0 గాని 1+ గాని అయితే నెగెటివ్ అంటారు. 3+ అయితే పాజిటివ్. 2+ అయితే ఏదీ తేల్చరు. ఫిష్ అనే మరొక పరీక్ష చేసి, ఆ జన్యువు ఎక్కువ సంఖ్యలో ఉన్నదో లేదో లెక్కించి, అప్పుడు తేలుస్తారు. ఈ కాలములో ఆ అంకెకు విలువ ఇంకా పెరిగినది. వ్యాధి ఇతర భాగములకు పాకినవారిలో 1+ గాని, ఫిష్ నెగెటివ్ వచ్చిన 2+ గాని ఉన్నవారి కొరకు కూడా 2022లో అమెరికాలో ఒక మందు ఆమోదము పొందినది. అందుచేత ఉత్త "నెగెటివ్" అనే మాట సరిపోదు.

ఆ ఆసుపత్రిలో ఈ పరీక్ష చేసే ఏర్పాటు లేదని అన్నయ్య కనుక్కొని చెప్పారు. "అయితే చేసినవారు పంపిన రిపోర్టు ఎక్కడో ఉంటుంది. అది అడగండి అన్నయ్యా" అన్నాను. మొదటి రోజు "ఇదేనండి రిపోర్టు" అన్నారు. రెండవ రోజు ఆ పని చూచే అబ్బాయి సెలవు. మూడవ రోజు అన్నయ్య కౌంటరు ముందు బల్ల మీద గంటన్నర కూర్చుంటే, కంప్యూటరులో ఈమెయిలు తెరచి ప్రింటు తీసి ఇచ్చారు. మరొక నగరములోని ల్యాబు పంపిన రెండు పేజీల రిపోర్టు అది. దానిలో హెర్-2 ఎదుట 2+ అని ఉన్నది. ప్రక్కన, తేలలేదు అనే అర్థము వచ్చే మాట. రెండవ పేజీ అడుగున, చిన్న అక్షరాలతో, ఫిష్ పరీక్ష చేయించవలెనని సలహా.

ఎలా జరిగినదంటే, ఆ ఆసుపత్రి కంప్యూటరు ఫారములో హెర్-2కు రెండే గళ్లు ఉన్నాయి. ఒకటి పాజిటివ్, రెండవది నెగెటివ్. వచ్చినది పాజిటివ్ కాదు గనుక టైపు చేసిన అబ్బాయి రెండవది నొక్కాడు. ఆ అబ్బాయే ఈ మాట అన్నయ్యకు చెప్పాడట. చెబుతూ ఉంటే అతని ముఖము పాలిపోయినదట. అతనికి ఎవరి మీదా కక్ష లేదు. రోజుకు ఎన్నో రిపోర్టులు ఎక్కించే పని, పైన అడిగేవారు లేరు.

ఆ రాత్రి అన్నయ్య ఫోనులో అడిగిన ప్రశ్న నేను మరువలేను. "కృతజ్ఞతా ప్రార్థన చేశామే చెల్లీ. పిల్లలు కూడా మోకాళ్ల మీద ఉన్నారు. మేము స్తోత్రము చెప్పింది ఒక అబద్ధానికేనా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అంతలో వదిన ఫోను తీసుకున్నారు. "అమ్మాయ్, మేము స్తోత్రము చెప్పింది దేవునికి, కాగితానికి కాదు. అది అలా ఉండనివ్వు. ఇప్పుడు ఏమి చేయాలో చెప్పు" అన్నారు.

చేయవలసినది చేశారు. తీసిన ముక్కను మైనములో పొదిగి బ్లాకుగా చేస్తారు. ఆ బ్లాకు పరీక్ష చేసిన ల్యాబులోనే భద్రముగా ఉన్నది గనుక మరల ముక్క తీయవలసిన పని లేకపోయినది. దాని మీదనే ఫిష్ పరీక్ష చేశారు. 12 రోజులకు ఫలితము వచ్చినది. జన్యువు ఎక్కువగా ఉన్నది, పాజిటివ్. కీమోతో పాటు ట్రాస్టుజుమాబ్ మొదలుపెట్టారు. మూడు వారములకు ఒకటి చొప్పున ఏడాది పాటు ఇచ్చారు. ఆ మందు గుండె మీద ప్రభావము చూపవచ్చు గనుక మధ్యమధ్య గుండెకు స్కాను తీసేవారు. అన్నయ్య ఊరిలోని పొలములో కొంత అమ్మవలసి వచ్చినది. ఆ తప్పు రిపోర్టు నిలిచి ఉంటే పొలము మిగిలేది. ఈ మాట అన్నయ్యే ఒకసారి అని, వదిన వైపు చూచి ఊరుకున్నారు.

వదిన ఈనాటికీ సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పుతున్నారు. ఆ మందే ఆమెను బ్రతికించినదని నేను అనను. ఒక్క మనిషి విషయములో ఆ మాట తేల్చి చెప్పే పరీక్ష ఏ ల్యాబులోనూ లేదు. అయితే ఆమెకు ఏమి ఇవ్వాలో డాక్టరు గారు నిజము తెలిసి నిర్ణయించగలిగారు. అది రోగికి న్యాయముగా రావలసిన హక్కు. ఆ హక్కు తెరవని ఈమెయిలులో పడి ఉండకూడదు.

ఇది జరిగిన తరువాత లేవీయకాండము 13వ అధ్యాయము నాకు కొత్తగా అర్థమైనది. మచ్చ వచ్చిన మనిషిని యాజకుని యొద్దకు తీసుకువస్తారు. యాజకుడు తన కండ్లతో చూడాలి. వెండ్రుకల రంగు చూడాలి, మచ్చ చర్మము కంటె లోతుగా ఉన్నదో లేదో చూడాలి. తేలకపోతే ఆ మనిషిని ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచి మరల చూడాలి. అప్పటికీ తేలకపోతే మరి ఏడు దినములు. పవిత్రుడు, అపవిత్రుడు అనే రెండు గళ్లు మాత్రమే కాక, "మరల చూడవలెను" అనే మూడవ గడిని కూడా ధర్మశాస్త్రము ఇచ్చినది. తెలియనప్పుడు తెలియదని చెప్పడము అసమర్థత కాదు, అది కూడా ఒక ఫలితమే. దానిని చెరిపివేసి, అవును అనో కాదు అనో వ్రాసే అధికారము మధ్యలో ఉన్నవారికి లేదు.

లోకములో దీనికి నియమములు లేకపోలేదు. వైద్య ల్యాబుల కొరకు ఐఎస్ఓ 15189 అనే అంతర్జాతీయ ప్రమాణము 2003లో వచ్చినది, 2022లో దానిని మరల సవరించారు. మన దేశములో ఎన్ఏబీఎల్ సంస్థ వైద్య ల్యాబులకు గుర్తింపు ఇచ్చేది ఈ ప్రమాణము ప్రకారమే. 2012 నాటి ప్రతిలోనే ఈ సంగతి స్పష్టముగా ఉన్నది. నమూనాను బయటికి పంపిన ల్యాబే దాని ఫలితము అడిగినవారికి చేరేటట్లు చూడాలి. తన కాగితము మీద తిరిగి వ్రాస్తే ముఖ్యమైన అంశములన్నీ ఉండాలి, అర్థము మారిపోయే మార్పు చేయరాదు. ఏ పరీక్ష బయట జరిగినదో చూపాలి. అదనముగా ఏదైనా మాట చేరిస్తే, అది ఎవరు చేర్చారో తెలియాలి. అమెరికాలో 1988 నాటి చట్టము క్రింద వచ్చిన నిబంధనలు కూడా ఇదే చెబుతాయి. చేసిన ల్యాబు పేరు, చిరునామా డాక్టరుకు తెలపాలి. ఫలితమును గాని, దానిని అర్థము చేసుకొనుటకు ఇచ్చిన వివరమును గాని పంపిన ల్యాబు మార్చకూడదు. అయితే మన దేశములో ప్రతి ల్యాబుకు ఎన్ఏబీఎల్ గుర్తింపు తప్పనిసరి కాదు. కనుక చాలాచోట్ల ఈ నియమము పనిచేసేవారి మనస్సాక్షి మీదనే ఆధారపడి ఉన్నది.

తిరిగి వ్రాయడములో పోయేది ఒక్క మాటే కానక్కరలేదు. కొలత పోవచ్చు. విటమిను డి ఒక ల్యాబులో 20 అని, మరొక ల్యాబులో 50 అని రావచ్చు. రెండూ ఒకటే. మొదటిది మిల్లీలీటరుకు నానోగ్రాములు, రెండవది లీటరుకు నానోమోల్స్. గుండెపోటుకు చేసే ట్రోపోనిన్ పరీక్షను కొందరు మిల్లీలీటరు లెక్కన, కొందరు లీటరు లెక్కన ఇస్తారు. ఆ రెండింటికీ తేడా వెయ్యి రెట్లు. కొలత వ్రాయకుండా అంకె మాత్రము ఎక్కిస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఒక్కొక్క ల్యాబు పద్ధతిని బట్టి మామూలుగా ఉండవలసిన హద్దులు కూడా మారుతాయి. చేసిన ల్యాబు హద్దులకు బదులుగా మన ల్యాబు హద్దులు వేస్తే, ఆరోగ్యవంతుడు రోగి అవుతాడు, రోగి ఆరోగ్యవంతుడు అవుతాడు.

తేదీలు కూడా పోవచ్చు. నమూనా తీసిన తేదీ ఒకటి, ల్యాబుకు చేరినది మరొకటి, రిపోర్టు ఇచ్చినది ఇంకొకటి. పది రోజుల క్రిందటి రక్తము సంగతిని నేటి సంగతిగా చదివితే ప్రమాదము. కొన్ని పరీక్షలలో మొదట తాత్కాలికమైన రిపోర్టు, తరువాత తుది రిపోర్టు వస్తుంది. క్షయ క్రిములను ద్రవములో పెంచే కల్చరులో, ఏమీ పెరగలేదని చెప్పుటకు 42 రోజులు, అనగా ఆరు వారములు ఆగుతారు. అప్పటికి రోగి ఎప్పుడో ఇంటికి వెళ్లిపోతాడు. మంచములో వేరొకరు ఉంటారు, డ్యూటీ డాక్టరు కూడా మారిపోతారు. అటువంటి రిపోర్టు వచ్చినా దానిని చేయి చాపి అందుకునేవారు ఉండరు. మా సిస్టరు గారి వేలు ఖాళీ గడి మీద ఆగినది ఇటువంటివారి కొరకే.

ఈ పని ఎంత జాగ్రత్తగా చేయవచ్చో చూపే సంగతి ఒకటి మన పొరుగు రాష్ట్రములో జరిగినది. 1986లో మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ బోధించే డాక్టరు సునీతి సోలోమన్ గారు, ఆమె విద్యార్థిని నిర్మల గారు కొందరు స్త్రీల రక్తమును హెచ్ఐవి పరీక్ష కొరకు సేకరించారు. వారు వ్యభిచారవృత్తిలో పట్టుబడి సంరక్షణ గృహములో ఉంచబడినవారు. అప్పుడు మద్రాసులో ఆ పరీక్ష చేసే ఏర్పాటు లేదు. నిర్మల గారు రక్తపు నమూనాలు తీసుకొని రాత్రి రైలులో కాట్పాడికి వెళ్లారు. వేలూరు వెళ్లే తెలుగువారందరికీ ఆ స్టేషను తెలుసు. 1900లో ఐడా స్కడర్ అమ్మగారు ఒక్క మంచముతో ఆరంభించిన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఆ పరీక్ష జరిగినది. ఆరుగురి నమూనాలు పాజిటివ్‌గా కనబడినవి. మన దేశములో అంతవరకు ఎవరిలోనూ ఆ వ్యాధి కనబడలేదు. ఎంత పెద్ద వార్త! అయినను వారు వెంటనే చాటలేదు. ఆ ఆరుగురి నుండి మరల రక్తము తీసుకున్నారు. అమెరికాకు పంపి వెస్టర్న్ బ్లాట్ అనే వేరొక పరీక్షతో నిర్ధారించుకున్నారు. ఆ తరువాతనే ప్రభుత్వము ఆ సంగతి ప్రకటించినది. ఆ స్త్రీల తరఫున అడిగేవారు ఎవరూ లేరు. వారి విషయములో తొందరపడినా ఎవరూ నిలదీయరు. అయినను వారి నమూనాలకు మూడు చోట్ల దక్కిన శ్రద్ధ గొప్పవారికి దక్కే శ్రద్ధ కంటె తక్కువ కాదు.

రోమీయులకు వ్రాసిన పత్రిక పౌలు భక్తునిదని మనందరికీ తెలుసు. చివరి అధ్యాయము 22వ వచనమునకు వచ్చేసరికి, కలము పట్టిన తెర్తియు తన పేరు చెప్పి సంఘమునకు వందనము చేస్తాడు. చెప్పినది పౌలు, వ్రాసినది తెర్తియు. పత్రికను రోమాకు తీసుకువెళ్లినది ఫీబే అని చాలామంది పండితులు అంటారు. చెప్పినవారు ఒకరు, వ్రాసినవారు ఒకరు, మోసినవారు ఒకరు. ఒకరి పేరు మరొకరి పేరును మరుగు చేయలేదు. వ్రాసినవాడు తన మాట కలిపినప్పుడు అది తన మాటే అని చెప్పాడు. రిపోర్టులో మనము కోరేది కూడా ఇంతకంటె ఎక్కువ కాదు. ఎవరు చూశారు, ఎవరు వ్రాశారు, ఎవరు అందించారు అన్నది తెలియాలి, చూచినవారి మాట మధ్యలో తగ్గకూడదు, పెరగకూడదు.

కాబట్టి ప్రియులారా, మీ ఇంటిలో ఎవరికైనా ముఖ్యమైన పరీక్ష చేయించినప్పుడు "ఇది ఎక్కడ జరిగినది?" అని అడగండి. బయట జరిగినదని చెబితే చేసినవారి అసలు రిపోర్టు నకలు కూడా అడిగి తీసుకోండి. ముక్క పరీక్ష అయితే తప్పక అడగండి. పేరు, వయస్సు, తేదీలు సరిచూచుకోండి. అంకె ప్రక్కన కొలత, హద్దులు ఉన్నవో లేవో చూడండి. చివరి పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాలు డాక్టరు గారికి చూపించండి. ముక్క బ్లాకు ఎక్కడ ఉన్నదో తెలుసుకొని నంబరు వ్రాసి పెట్టుకోండి, రెండవ అభిప్రాయము కావలసి వస్తే దానితో పని ఉంటుంది. డిశ్చార్జి రోజున "ఇంకా రావలసిన రిపోర్టులు ఏమైనా ఉన్నాయా? వస్తే మాకు ఎవరు చెబుతారు?" అని అడిగి, ఫోను నంబరు తీసుకోండి. మర్యాదగా అడగండి. కౌంటరులో కూర్చున్న పిల్లలను కసరవద్దు. వారిలో చాలామంది మన సంఘముల బిడ్డలే.

ఆ బిడ్డలకు కూడా ఒక మాట. మీరు టైపు చేసే ఒక్కొక్క వరుస సాయంత్రానికి ఒక ఇంటిలో ప్రార్థన అవుతుంది. కన్నీటి ప్రార్థనో, కృతజ్ఞతా ప్రార్థనో మీకు తెలియదు. ఫారములో సరిపడే గడి లేకపోతే లేని గడిలో ఇరికించవద్దు. లేచి వెళ్లి పెద్దవారిని అడగండి. వచ్చిన కాగితమును వచ్చినట్లే జతచేయండి. పని ఎక్కువగా ఉన్నదని నాకు తెలుసు. అయినా ఆ ఒక్క నిమిషము ఇవ్వండి.

అన్నయ్య కోర్టుకు వెళ్లలేదు. వెళ్లమని సలహా ఇచ్చినవారు లేకపోలేదు. ఆయన రెండు కాగితములకూ నకళ్లు తీసి, జరిగినదంతా ఒక ఉత్తరములో వ్రాసి ఆసుపత్రి పెద్ద డాక్టరు గారికి స్వయముగా ఇచ్చి వచ్చారు. ఆ అబ్బాయి ఉద్యోగము తీసివేయవద్దని, ఫారము మార్చమని వ్రాశారు. ఆరు నెలల తరువాత అన్నయ్యవాళ్ల సంఘములోని ఒక సహోదరి అదే ఆసుపత్రిలో పరీక్ష చేయించుకున్నది. ఆమె తెచ్చిన రిపోర్టు వెనుక, పరీక్ష చేసిన ల్యాబు కాగితములు రెండూ పిన్ను కొట్టి ఉన్నాయి.

చూచినదానిని చూచినట్లు చెప్పే నమ్మకత్వమును ప్రభువు మన ఆసుపత్రులకును, మన ఇండ్లకును దయచేయును గాక. ఆమేన్.